917 బంతులు

పట్టభద్రులైన యువతీయువకులారా!

మీ పట్టాలపై అంకెలు కలవు గనుక, అంకెలచేత మిక్కిలి అన్యాయమునకు గురియైన యొక తెలుగు బౌలరును గూర్చి చెప్పదలచితిని. 1914లో నాగపురమున జన్మించి, భారతదేశపు ప్రథమ టెస్టు నాయకులైన సి.కె. నాయుడుగారికి తమ్ములైన సి.ఎస్. నాయుడుగారు, 1934 మొదలు 1952 వరకు 11 టెస్టులాడి పడగొట్టిన వికెట్లు రెండే. ఒక్కొక్కదానికి సగటున ఇచ్చినవి 179.50 పరుగులు.

అయినను, సంస్థానాధీశుల ఆదరమే ఆటగానికి జీవనాధారమైన ఆ దినములలో, బరోడా పక్షమున 1942-43 రంజీ పోటీలలో ఆయన 40 వికెట్లు తీసిరి. అంతకు పూర్వము ఒక్క ఏటి రంజీ పోటీలలో అన్ని తీసినవారు లేరు. ఆయనది లెగ్‌స్పిన్. బంతి కుట్టును ఉంగరపు వ్రేలితో ఒరసి, మణికట్టు త్రిప్పి విడుచు బంతి అది. గూగ్లీ యైనచో చేతి వెనుకప్రక్కనుండి వెలువడి, బ్యాట్స్‌మన్ ఊహకు విరుద్ధముగా లోపలికి తిరుగును. ఈ విద్యలో వ్రేలి చర్మము అరుగును, భుజము నలుగును; పొట్టిగా పడిన బంతికి క్షమ లేదు.

1945లో బొంబాయి బ్రేబోర్న్ మైదానమున జరిగిన రంజీ అంతిమ పోటీలో, అన్నగారి నాయకత్వమున హోల్కరు సంస్థానపు పక్షమున ఆడుచు, మొదటి ఇన్నింగ్సులో 64.5 ఓవర్లు వేసి ఆరు వికెట్లును, విజయ్ మర్చంట్ 278 పరుగులు చేయగా బొంబాయి 764 పరుగులు పోగుచేసిన రెండవ ఇన్నింగ్సులో 88 ఓవర్లు వేసి అయిదు వికెట్లును తీసిరి. మొత్తము 917 బంతులు. ఇచ్చిన పరుగులు 428. ప్రథమశ్రేణి క్రికెట్టులో ఒక్క ఆటలో ఒక్కరు వేసిన బంతులలో నేటికిని ఇదియే అత్యధికము. ఆంగ్లేయ బ్యాట్స్‌మన్ డెనిస్ కాంప్టన్ హోల్కరు పక్షమున అజేయముగా 249 పరుగులు చేసినను, ఆ జట్టు 374 పరుగుల తేడాతో ఓడెను.

ఆ 428 పరుగులను అపకీర్తిగా చెప్పుకొనువారున్నారు. నా దృష్టి 88వ ఓవరుపై నిలుచును. నమ్మకము లేని చేతికి ఏ నాయకుడును అన్నిమారులు బంతి నీయడు. వాన మొగము చాటేసినందున మొలక రాని చేనిలో మరల గొర్రు తోలు మన వేరుసెనగ రైతువలె, ఆయన ఇచ్చినప్పుడెల్ల అందుకొని వేసిరి. అది నిష్ఫలశ్రమ యని నేను ఒప్పుకొనను; బొంబాయివారి 20 వికెట్లలో 11 ఆయనవే.

కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్ర మవతరించిన 1953లోనే, సి.కె. నాయకత్వమున ఆంధ్ర జట్టు రంజీలో ప్రవేశించెను, సి.ఎస్. కూడ ఆంధ్ర పక్షమున ఆడిరి. 1961 వరకు ఆట మానక, ప్రథమశ్రేణిలో 647 వికెట్లు గడించిరి. రంజీ ఆటలు చూచిన మన కడప మైదానమున ఆయన పేర నల్లని కడప బండపై నొక ఫలకము నిలుపవలెనని విశ్వవిద్యాలయమువారిని ప్రార్థించుచున్నాను. ఆ రెండు టెస్టు వికెట్లను దాచక, 917 బంతుల సరసనే చెక్కింపుడు.