స్త్రీల ఆరోగ్యము: చెప్పుకొనవలసిన మాట



ఓల్డ్ రాజిందర్ నగర్ దేశ విభజనానంతరము నిర్వాసితుల కొరకు వెలసిన పేట. దానికి చేరువనే సర్ గంగారామ్ ఆసుపత్రి యున్నది. 1921లో లాహోరున స్థాపింపబడిన ఆ సంస్థ, విభజన పిమ్మట 1954లో ఢిల్లీలో మరల ద్వారములు తెరచినది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య పథకము గూడ ఆ 1954లోనే ఈ నగరమున ఆరంభమైనది. ఇట్లు వైద్యము వాకిటనే యున్నను, ఆ వాకిలి వరకు రాలేని వ్యాధులు కొన్ని గలవు. అందుకు కారణము దూరము గాదు, ధనము గాదు, నోరు పెగలకపోవుట.

తెల్లబట్ట యను మాటను కన్నతల్లితో చెప్పుటకే సంకోచించు స్త్రీ, ఢిల్లీలో దానిని డాక్టరమ్మతో హిందీలో చెప్పవలసి వచ్చును. భర్త ఆఫీసులో నుండును. దుబాసీగా వెంట వచ్చినవాడు బడికి పోవు కుమారుడు. వానియెదుట ఆమె "కడుపునొప్పి" యని మాత్రము చెప్పించి, కడుపునొప్పి మందుతో తిరిగి వచ్చును. అసలు బాధ అట్లే నిలిచిపోవును. పరీక్షలకు చదువుటకై ఈ పేటలోని అద్దెగదులలో నుండు తెలుగు బాలికల ఇబ్బందియు ఇట్టిదే. తల్లి దూరమున నుండును. మందుల దుకాణము దగ్గర నుండును.

మొదట తెలిసికొనవలసినది, స్రావమంతయు వ్యాధి కాదని. యోనియందు కొంత స్రావము సహజము. ఋతుక్రమమును బట్టి, గర్భమును బట్టి అది హెచ్చుచు తగ్గుచు నుండును. నీటివలె గాని తెల్లగా గాని యుండి, దుర్వాసనయు దురదయు లేనిచో భయపడ నక్కరలేదు. ఎముకలు కరిగి పోవుచున్నవనుట, వేడి చేసినదనుట నిజము గావు. అచట లాక్టోబాసిల్లై యను మేలుచేయు సూక్ష్మజీవులు ఆమ్లమును పుట్టించి రక్షణ కల్పించును. 1892లో డోడర్లైన్ అను జర్మను వైద్యుడు వీనిని వర్ణించెను. ఈ సమతూకము చెడినప్పుడు గాని, బయటి క్రిమి చేరినప్పుడు గాని వ్యాధి కలుగును.

సాధారణముగా కనబడు వ్యాధులు మూడు. మొదటిది కాండిడా యను శిలీంధ్రము వలన కలుగునది. దీనికి దురద ముఖ్య లక్షణము. స్రావము విరిగిన పాలవలె తెల్లగా, చిక్కగా నుండును, దుర్వాసన యుండదు. చర్మము ఎఱ్ఱబారి మండును. గర్భిణులకు, మధుమేహము గలవారికి, ఆంటీబయాటిక్ మందులు వాడినవారికి ఇది తఱచు వచ్చును. మాటిమాటికి వచ్చుచున్నచో రక్తమున చక్కెరను పరీక్షింపవలెను.

రెండవది బాక్టీరియల్ వజైనోసిస్. ఇందు స్రావము పలుచగా బూడిదవన్నెతో నుండి చేపల వాసన వచ్చును. దురద అంతగా నుండదు. కొందఱికి ఏ లక్షణమును కనబడదు. మూడవది ట్రైకొమొనియాసిస్. స్రావము పసుపుపచ్చగా గాని ఆకుపచ్చగా గాని నురుగుతో నుండి, వాసన, దురద, మూత్రమున మంట కలుగవచ్చును. ఇది దాంపత్య సంపర్కము వలన వ్యాపించును. పురుషునకు తఱచు లక్షణములే యుండవు గనుక, భార్యాభర్త లిరువురును ఒకేమారు చికిత్స పొందవలెను. క్రిమి చాలకాలము చడిచప్పుడు లేక దాగి యుండగలదు. కావున దీనిని బట్టి ఒకరి శీలమును శంకించుట తగదు.

అయినను ఈ లక్షణములు ఒకదానితో నొకటి కలిసి యుండును. రంగును బట్టి రోగమును నిశ్చయించి, పొరుగింటివారు వాడిన మాత్రను కొనుట పొరపాటు. శిలీంధ్రమునకు వాడు మందు బాక్టీరియాపై పనిచేయదు. స్రావమును సూక్ష్మదర్శినితో పరీక్షించిననే సంగతి తేలును. సబ్బులతోను, క్రిమినాశక ద్రవములతోను లోపల కడుగుట మేలుచేయు జీవులనే చంపును. బయట మంచినీటితో కడిగికొనిన చాలును.

పొత్తికడుపు నొప్పియు జ్వరమును కలిసి వచ్చినను, పుండ్లు కనబడినను, గర్భిణికి ఈ లక్షణములు కలిగినను ఆలస్యము చేయరాదు. సంపర్కానంతరము గాని, ముట్లుడిగిన పిమ్మట గాని రక్తము కనబడినచో అది గర్భాశయ ముఖ కాన్సరునకు సూచన కావచ్చును. వెంటనే పరీక్ష చేయించుకొనవలెను.

విజయవాడలో పేరొందిన వైద్యురాలు డాక్టరు కొమర్రాజు అచ్చమాంబగారు ప్రసూతి, శిశుపోషణములను గూర్చి తెలుగున గ్రంథము వ్రాసిరి. 1957లో లోక్‌సభకు ఎన్నికై ఈ ఢిల్లీకే వచ్చిరి. స్త్రీల శరీర ధర్మములను ఇంటిభాషలో చెప్పుట లజ్జాకరము గాదని వారి కృషియే చాటుచున్నది.

ఇక హిందీ రానివారికి నాలుగు మాటలు చాలును: తెల్లబట్టకు "సఫేద్ పానీ", దురదకు "ఖుజలీ", మంటకు "జలన్", దుర్వాసనకు "బద్‌బూ". గృహస్థులు ఈ మాటలను ఇంట చెప్పి, అవసరమైననాడు ఒకపూట సెలవు పెట్టి భార్యతో గూడ వైద్యకేంద్రమునకు పోవుదురు గాక. పిల్లవానిని దుబాసీగా పంపవలసిన అగత్యము ఏ తెలుగింటను ఉండకుండు గాక!