పాత సైకిలు పళ్ళలెక్క



పాత సైకిలు చేతికి వచ్చినపుడు పెక్కుమంది మొదట దాని పేరుపలకను చూతురు. పేరును బట్టి బండి నడక తెలియదు. ఒక్కొక్కపుడు పుట్టిన ఊరును తెలియదు. హెర్క్యులిస్ సైకిళ్ళు ఇంగ్లండు నుండియు వచ్చినవి, మద్రాసు చెంత అంబత్తూరులో 1949లో స్థాపితమైన టీ.ఐ. సైకిల్స్ నుండియు వచ్చినవి. నడక తెలియవలెనన్న పళ్ళు లెక్కింపవలెను. అందుకు సుద్దముక్క, కొలతటేపు, కొంచెము ఓపిక చాలును.

ఈ లెక్కకు మూలము 1870 దశకపు ఎత్తు సైకిలునందున్నది. దానికి గొలుసు లేదు. పెడళ్ళు ముందుచక్రపు ఇరుసుకే బిగింపబడియుండెడివి. కాలు ఒక చుట్టు త్రిప్పిన చక్రమును ఒక చుట్టే తిరిగెడిది. వేగము కోరినవాడు పెద్దచక్రమును కోరవలసినదే. కాని కాలిపొడవు అనుమతించినంతవరకే. 54 అంగుళముల చక్రము చుట్టునకు సుమారు 14 అడుగులు సాగును. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలును నిర్మించి గొలుసుతో వెనుకచక్రమును త్రిప్పించిన పిమ్మట చిన్నచక్రమే పెద్దచక్రము పని చేయసాగెను. కొలతమాత్రము పాతదే నిలిచినది. గొలుసు బండి ఎంత పెద్దచక్రమునకు సమానమో అన్ని అంగుళములే దాని గేరు.

వెనుకచక్రపు వ్యాసమును ముందుపళ్ళ సంఖ్యచే గుణించి వెనుకపళ్ళ సంఖ్యచే భాగించిన గేరు వచ్చును. చక్రము 28 అంగుళములు, ముందు 48 పళ్ళు, వెనుక 18 అయినచో గేరు సుమారు 75. పెడలు ఒక చుట్టునకు బండి పందొమ్మిదిన్నర అడుగులు పోవును. లెక్కకు ముందు ఒక పంటికి సుద్ద పూయవలెను. లేనిచో ఎక్కడ మొదలిడినదియు మరపునకు వచ్చును. మిక్కిలి పాతబండ్లలో పళ్ళు అంగుళపు ఎడముతో ముందు 24, వెనుక 9 మాత్రమే ఉండవచ్చును. గేరు అదియే. గొలుసుమాత్రము నేటి అర అంగుళపు గొలుసు కాదు. కొలువక కొన్న డబ్బు దండుగ.

ముందు పళ్ళచక్రములోని బొమ్మయు కొంత చెప్పును. కొంగతలలున్నచో ర్యాలీ, చేయి చేయి కలిపిన మనుష్యులున్నచో హంబర్.

అసలు చిక్కు మూడువేగముల హబ్బుతో వచ్చును. వెనుక హబ్బు లావుగా ఉండి, ఇరుసు కుడికొననుండి సన్నని గొలుసు వెలికి వచ్చుచున్నచో అట్టిదని తలపవలెను. స్టర్మీ-ఆర్చర్ వారి ఏ.డబ్ల్యు. హబ్బు 1936లో వెలువడినది. యుద్ధానంతరపు హబ్బులపై సంవత్సరము, నెల అంకెలుగా కొట్టబడియుండును; అది హబ్బు వయస్సే కాని బండి వయస్సు కాదు, చక్రములు మారుచుండును గదా. లోపల ఇరుసుకు అతికిన 20 పళ్ళ చక్రము చుట్టు నాలుగు చిన్నచక్రములు తిరుగును. వాని వెలుపల 60 పళ్ళ వలయము. అందువలన నడిమి గేరు ఉన్నదున్నట్లు, క్రిందిది అందు మూడువంతులు, పైది దానికి మూడవవంతు అధికము. పై బండికి ఇవి సుమారు 56, 75, 100.

ఇచ్చటనే మంచిబండ్లు అన్యాయముగా పాతసామానులో చేరుచున్నవి. తీగ తెగినను, సడలినను ఈ హబ్బు పైగేరునందే నిలిచిపోవును. మీట కూడ ఊడిపోయినచో చూచువానికి అది ఒంటిగేరు బండియే. తొక్కినవాడు ఎదురుగాలిలో 100 అంగుళముల గేరును త్రొక్కుచు, "ముసలిబండి, బరువెక్కినది" అని నిశ్చయించును. తండ్రి ముప్పదియేండ్లు కచేరికి తొక్కిన బండిని కొడుకు ఈ ఒక్క తీగకై తూకమునకు వేయుట న్యాయమా? నడిమి, పై గేరులలో వినవచ్చు టిక్కుటిక్కు శబ్దము కూడ రోగము కాదు.

అయితే ఒక అపాయము నిజమైనది. నడిమి గేరునకును పై గేరునకును నడుమ ఏ గేరును పట్టని తావొకటి గలదు. తీగ సరిగా లేనిచో, పెడళ్ళపై లేచి నిలిచి తొక్కువాని కాలు హఠాత్తుగా శూన్యములోనికి జారును. కావున మీటను నడిమి గుర్తునందు నిలిపి, కుడినట్టు రంధ్రములో చూడవలెను. చిన్నగొలుసు తగిలియున్న కడ్డీ భుజము ఇరుసుకొనతో సమముగా ఉండవలెను. లేనిచో తీగను బిగించియో వదలియో సరిచేసి, హబ్బులో పలుచని నూనె కొన్ని చుక్కలు వేసి, మూడు గేరులను చేతితో త్రిప్పి చూచిన తరువాతనే పిల్లలను ఎక్కనీయవలెను.