సైనికుడి కాపురం

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అంటారు. తరాలుగా కొడుకులను సైన్యానికి పంపుతున్న ఊరది. సైనికుడి పెళ్లికి ముహూర్తం పెట్టాలంటే పంచాంగం ఒక్కటే చాలదు, సెలవు మంజూరూ చూసుకోవాలి. జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. సరిహద్దు వేడెక్కితే అవీ చేతికి రావు.

మరి ఈ ఎడబాటు విడాకులకు కారణమవుతుందా? హిందూ వివాహ చట్టం ప్రకారం భాగస్వామి రెండేళ్లు వదిలేస్తే విడాకులు అడగవచ్చు. అయితే వదిలేయాలన్న ఉద్దేశం ఉండాలి. కొలువు కోసం దూరంగా ఉండటం దాని కిందికి రాదు. భర్త లద్దాఖ్‌లో ఉన్నా, భార్య తానుంటున్న చోటి కోర్టులోనే కేసు వేయవచ్చు. 2003 సవరణ ఇచ్చిన వెసులుబాటది.

1950 నాటి సైనిక చట్టం సిపాయి జీతాన్ని కోర్టు డిక్రీ కింద జప్తు చేయనివ్వదు. ఇది విని భార్యలు బెంబేలెత్తనక్కర్లేదు. వాళ్ల పోషణకు, పిల్లల పోషణకు జీతంలోంచి కోత పెట్టే అధికారం అదే చట్టం సైన్యానికి ఇచ్చింది. భర్త డబ్బు పంపకపోతే అతని యూనిట్ కమాండింగ్ ఆఫీసరుకు అర్జీ పెట్టుకోవచ్చు.

నాకు బొత్తిగా మింగుడుపడని నిబంధన ఒకటుండేది. శౌర్య పతకం పొందిన సైనికుడు మరణిస్తే భార్యకు నెలనెలా భత్యం వస్తుంది. ఆమె మళ్లీ పెళ్లాడితే అది ఆగిపోయేది, భర్త అన్నదమ్ముల్లో ఒకరిని చేసుకుంటే తప్ప! ఎవరిని చేసుకోవాలో ఖజానా చెప్పడమేమిటి? 2017 నవంబరులో రక్షణ శాఖ ఆ షరతు తీసేసింది. ఇప్పుడు ఆమె ఎవరిని పెళ్లాడినా భత్యం అందుతుంది.