పవర్ విండో పైకి రావట్లేదా? మోటార్ మార్చే ముందు ఇది చూడండి

పోయిన వానాకాలం జరిగిన విషయంతో మొదలుపెడతా. అమ్మా నేనూ విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తూ సూర్యాపేటలో టీకి ఆగాం. అమ్మ తన వైపు అద్దం దించింది. మళ్ళీ పైకి రాలేదు. అంతలోనే వాన! కిటికీకి ప్లాస్టిక్ కవర్ అంటించి, ఒళ్లో టవల్ వేసుకుని అమ్మ ఇంటిదాకా తడుస్తూనే వచ్చింది. దానికి తోడు వెనక అద్దం ఆవిరి పట్టేసింది. డీఫాగర్ నొక్కితే బటన్‌లో లైట్ వెలుగుతోంది కానీ, అద్దం మధ్యలో ఒక పట్టీ మాత్రం క్లియర్ అవ్వట్లేదు.

మర్నాడు మెకానిక్ స్విచ్ ఒక్కసారి నొక్కి చూసి, "మోటార్ పోయింది సార్, ఏడు వేలవుద్ది" అన్నాడు. నేను సాఫ్ట్‌వేర్‌లో కొన్నేళ్లు బగ్గులు వెతికినవాణ్ణి. బగ్ ఎక్కడుందో తెలీకుండా కోడ్ మొత్తం మార్చం కదా! కారూ అంతే. కరెంట్ ఎక్కడిదాకా వస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది? ఈ ఒక్క ప్రశ్న చాలు.

ముందు ఒక్క అద్దమేనా, అన్నీ ఆగాయా చూడండి. అన్నీ ఆగితే ఫ్యూజ్, రిలే, లేదా డ్రైవర్ వైపు మెయిన్ స్విచ్ మీద అనుమానం. ఫ్యూజ్ కాలిపోతే అదే ఆంప్స్‌ది వేయండి. పెద్దది వేసినా, వైరు ముక్క పెట్టినా మంటలు రావచ్చు. డ్రైవర్ స్విచ్‌తో కదులుతూ, ప్యాసింజర్ స్విచ్‌తో కదలకపోతే విండో లాక్ బటన్ చూడండి. ఎవరో పొరపాటున నొక్కి ఉండొచ్చు. అది కాకపోతే ఆ డోర్ స్విచ్ చూడాలి.

ఒక్క అద్దం రెండు స్విచ్‌లకీ కదలకపోతే, చెవి పెట్టి వినండి. మోటార్ తిరిగే సౌండ్ వస్తోంది, అద్దం మాత్రం కదలట్లేదు అంటే మోటార్ బానే ఉంది. లోపల అద్దాన్ని లాగే రెగ్యులేటర్ కేబుల్ తెగి ఉంటుంది. సౌండ్ లేదు కానీ నొక్కగానే క్యాబిన్ లైట్ కాస్త డిమ్ అవుతోందా? కరెంట్ మోటార్‌దాకా వెళ్తోంది, అది స్టక్ అయింది. లైట్‌లో ఏ మార్పూ లేదంటే కరెంట్ దారిలోనే ఆగి ఉండొచ్చు.

నాది ఈ చివరి కేసే. అప్పుడు ఈ టెస్ట్ చేశా: స్విచ్ నొక్కి పట్టుకుని డోర్‌ని మెల్లగా తెరుస్తూ మూస్తూ చూశా. ఒక చోట అద్దం టక్కున కదిలింది! డోర్‌కీ బాడీకీ మధ్య నల్ల రబ్బరు గొట్టం ఉంటుంది. తలుపు తీసిన ప్రతిసారీ అందులో వైర్లు వంగుతాయి. ఏళ్ల తరబడి వంగి వంగి ఒకటి తెగింది. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర సోల్డర్ చేయించి స్లీవ్ వేయిస్తే మూడొందలు. మోటార్ కొత్తది వేసినా కదిలేది కాదు!

అద్దం నెమ్మదిగా, ఇరుక్కుంటూ వస్తుంటే, పక్కనున్న రబ్బరు ఛానెల్ శుభ్రం చేసి సిలికాన్ స్ప్రే కొట్టండి. ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దు, రబ్బరు పాడవుతుంది.

ఇప్పుడు డీఫాగర్. అసలు ఏ గీతా పనిచేయకపోతే ఫ్యూజ్, రిలే, అద్దం చివర కనెక్షన్ చూడాలి. నాలాగా ఒకటి రెండు గీతలే ఆగితే, అవి మధ్యలో తెగినట్టు. ఇంజిన్ ఆన్ చేసి, డీఫాగర్ వేసి, మల్టీమీటర్ నల్ల ప్రోబ్ బాడీ ఎర్త్‌కి పెట్టండి. ఎర్ర ప్రోబ్‌ని గీత వెంట మెల్లగా జరపండి. బాగున్న గీత మీద వోల్టేజ్ 12 దగ్గర నుంచి సున్నా దాకా మెల్లమెల్లగా తగ్గుతుంది, మధ్యలో సుమారు 6. తెగిన గీత మీద ఒక్క చోట 12 నుంచి సున్నాకి దూకుతుంది. తెగింది అక్కడే. సిల్వర్ కండక్టివ్ పెయింట్ సన్నగా రాసి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆ అద్దం మీద స్టిక్కర్లు పీకేటప్పుడు బ్లేడ్ వాడొద్దు. నా గీత తెగింది అలాగే, చేసింది నేనే!

చివరగా, టెస్ట్ చేసేటప్పుడు అద్దం సందులో వేళ్లు పెట్టకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. మోటార్ మార్చమని ఎవరైనా అంటే గొడవ పడక్కర్లేదు. "అన్నా, మోటార్‌దాకా కరెంట్ వస్తోందా, ఒకసారి చూపించు" అనండి, అంతే.

మొన్న వానలో మళ్ళీ అదే రోడ్డు మీద వచ్చాం. అద్దం పైకొచ్చింది, కానీ అమ్మ టవల్ మాత్రం వదల్లేదు! ఉంటా మరి, బై.