పొరుగు రాష్ట్రం కార్డు, మన ఊరి కాటా
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

జకాత్ ఎవరికి చెందాలో తౌబా సూరా 60వ ఆయతు ఎనిమిది వర్గాలుగా చెప్పింది. ఫకీరు, మిస్కీను మనకు తెలిసినవారే. చివరి వర్గమైన బాటసారి మన జాబితాల్లోకి రావడం అరుదు. అతని కోసం సిఫారసు చేసే పెద్ద ఊళ్లో ఉండడు. నెలల తరబడి ఇక్కడే ఉండి పనిచేసే కూలీ ముసాఫిరా, ఫకీరా అన్నది ముఫ్తీ సాహెబులు తేలుస్తారు. ఆకలి మాత్రం ఒకటే.

మన డెల్టాకు వలస కొత్త కాదు. ఒకప్పుడు కోరంగి రేవు నుంచి రంగూన్ వెళ్లిన మనవాళ్లను బర్మాలో ‘కోరంగీలు’ అనేవారు. ఇప్పుడు కోనసీమ ఆడవాళ్లు కువైట్ ఇళ్లలో పనిచేస్తున్నారు. ఎన్నేళ్లు చేసినా, వీసా అయిపోతే తిరుగు ప్రయాణమే. మన దగ్గర కట్టడాల్లో, చేపల చెరువుల మీద పనిచేసే బీహారీ, బెంగాలీ, ఒడియా కూలీ సంగతి అలా కాదు. అతను ఈ దేశ పౌరుడు, రేషన్ హక్కు అతని వెంటే వస్తుంది.

2019 ఆగస్టులో ఒకే దేశం–ఒకే రేషన్ కార్డు మొదలైనప్పుడు తొలి జతల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. ఆహార భద్రతా చట్టం కింద కార్డు ఉండి, ఆధార్ కలిసి ఉంటే, ఇక్కడి డిపోలో వేలిముద్ర వేసి మనిషికి నెలకు 5 కిలోలు తీసుకోవచ్చు. తన వంతు ఇక్కడ, భార్య వంతు ఊళ్లో తీసుకోవచ్చు. 2023 నుంచి అది ఉచితం. నలుగురున్న ఇంటికి 20 కిలోలు. కిలో 40 రూపాయలు అనుకున్నా ఏడాదికి 9,600. మనం రంజాన్‌లో ఇచ్చే కిట్ ఒక్క నెలకే.

“మన పేదల కోటా తగ్గదా?” అని కొందరు అడిగారు. ఆ గింజలు అతని పేరున కేటాయించినవే, మన కార్డుల్లో ఒక్క గింజా తగ్గదు. ఆసుపత్రి క్యూ, గది అద్దె పెరగడం మాత్రం నిజమే, కాదనను.

అతనికి అడ్డం పడేది ఆధార్ తప్పులు, భాష, పోయే ఒక రోజు కూలి. జకాత్ పేదవాడి చేతికే చేరాలంటారు కనుక, కాగితాలు సరిచేయించే మనిషి జీతం సదఖా నుంచి ఇద్దాం. పిల్లల్ని అంగన్‌వాడీకి పంపిద్దాం. పిల్ల తెలుగు పట్టుకుంటే తల్లికి దుబాసీ దొరికినట్టే.

మీలో బిల్డర్లున్నారు. నిర్మాణ ఖర్చులో 1 శాతం కార్మిక సెస్సు ఇప్పటికే కడుతున్నారు. ఆ నిధి నుంచి సాయం అందాలంటే కూలీ సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. అందుకు గడిచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు ధ్రువపత్రం అడుగుతారు. దాని మీద సంతకం పెట్టాల్సింది మీరే. రూపాయి ఖర్చు లేదు. ఈ వారంలోనే పెట్టండి.