మిద్దె మీద కరెంటు



ఎండ అందరిదీ. ఆ ఎండతోనే ఇంట్లో ఫ్యాను తిరిగితే?

2024లో కేంద్ర ప్రభుత్వం 'పీఎం సూర్య ఘర్' పథకం తెచ్చింది. గడువు 2027 మార్చి. సొంత మిద్దె మీద సోలార్ పలకలు పెట్టుకుంటే సాయం ఉంటుంది. 1 కిలోవాటుకు 30 వేలు. 2 కిలోవాట్లకు 60 వేలు. 3 కిలోవాట్లకు 78 వేలు. పలకలు పెట్టిన ఒక్కో ఇంటికి పంచాయతీకీ 1000 రూపాయల ప్రోత్సాహం ఉంది. కనుక పంచాయతీలో అడగండి.

ఒక్క మాట మరవకండి. సాయం ముందు రాదు. పలకలు బిగించాలి. కరెంటోళ్లు మీటరు పెట్టి, చూసి పోవాలి. ఆ తర్వాతే ఖాతాలో పడుతుంది. అందాకా ఖర్చు ఇంటివాళ్లదే. బ్యాంకు అప్పు ఇస్తుంది. కానీ అప్పు అప్పే!

"అంతా ఫ్రీ, సంతకం పెట్టమ్మా" అంటూ ఎవరైనా రావచ్చు. కాగితం చదవండి. లెక్క కూడండి. అర్థమయ్యాకే సంతకం.

వేలిముద్రల రోజులు పోయాయి కదా!