రోగి చేతి లెక్క – వైద్యుని మాట



పుదుచ్చేరి నుండి కడలూరునకు పోవు మార్గమున కిరుమాంబాక్కము కలదు. నేడచ్చట వైద్యకళాశాలయు, దానికి అనుబంధముగ ఆసుపత్రియు నున్నవి. పూర్వము రోగి వైద్యుని యెదుట చేయి చాచెడివాడు. ఆయన నాడి పట్టి చెప్పినదే తుదిమాట. నేడు మణికట్టు గడియారమే నాడిని లెక్కించుచున్నది. రక్తపుపోటును, రక్తములోని చక్కెరను ఇంటనే కొలుచుకొనుచున్నారు. ఆసుపత్రి మెట్లెక్కక మునుపే రోగి చేతిలో అంకెలుండుచున్నవి. ఈ మార్పు మేలా, కీడా?

దీనికి దారితీసినవారిలో అమెరికా దేశీయుడగు రిచర్డ్ బెర్న్‌స్టీన్ ఒకడు. వృత్తిచే ఇంజనీరు, 12వ యేటనే మధుమేహమునకు లోనయ్యెను. చక్కెరను కొలుచు యంత్రమును 1969 నాటికి రోగులకు అమ్మెడివారు కారు. భార్య వైద్యురాలు గాన ఆమె పేర దానిని తెప్పించుకొనెను. దినమునకు పలుమార్లు కొలిచి, ఆహారమును, ఇన్సులిన్‌ను ఆ లెక్కకు సరిపరచుకొనగా ఆరోగ్యము కుదుటపడెను. కాని వైద్యుడు కానివాని వ్రాతలను వైద్యపత్రికలు అంగీకరింపలేదు. అంతట ఆయన 45వ యేట వైద్యవిద్యకు పూనుకొని, 1983లో పట్టము పొందెను.

అయినను కొలుచుట వేరు, వైద్యము వేరు. కొందరికి వైద్యుని గదిలో అడుగిడగనే రక్తపుపోటు పెరుగును, ఇంట తగ్గును. మరికొందరికి ఇందుకు విరుద్ధము. గాన ఇంటి లెక్క వైద్యునకు మిక్కిలి ఉపయోగము. ఐదు నిమిషములు నెమ్మదిగ కూర్చుండి, చేతిని గుండె మట్టమున నుంచి కొలువవలెను. ఒక్కనాటి అంకె చూచి బెదరుట తగదు. అంకె బాగున్నదని మాత్రలు మానుట అంతకంటె ప్రమాదము. ఆ మాత్రల వలననే అది బాగుండవచ్చును గదా! రోగి తెచ్చిన కాగితమును చూడకయే ప్రక్కకు నెట్టుట వైద్యునకును పాడి కాదు.

2020 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వము జాతీయ డిజిటల్ ఆరోగ్య పథకమును తొలుత ఆరు కేంద్రపాలిత ప్రాంతములలో ఆరంభించెను. వానిలో పుదుచ్చేరి యొకటి. 2021 సెప్టెంబరులో అది దేశమంతటికిని విస్తరించెను. రోగి సమ్మతి లేనిదే అతని ఆరోగ్య వివరములు ఇతరులకు ఈయరాదని అందలి నియమము. కావున ఎవరికి, ఎందులకు సమ్మతించుచున్నారో చదివి మరీ అంగీకరింపుడు.

పాలలెక్క, చాకలిపద్దు వ్రాయుట తెలుగు గృహిణులకు క్రొత్త కాదు. అంతే శ్రద్ధతో ఇంటి పెద్దల రక్తపుపోటును, చక్కెరను తేదీవారీగ వ్రాసి వైద్యునకు చూపుడు. ఆ లెక్కను ముందుంచుకొని రోగియు వైద్యుడును కలసి మాటలాడుకొన్ననాడే ఈ యంత్రములకు పెట్టిన ధనము సార్థకమగును.